షుగర్‌కి మూలికలు: ఒక్కొక్కటే వాడి, కొలిచి చూసుకునే పద్ధతి

మా పెద్దమ్మకి షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆవిడ వంటింటి అలమరలో ఒక అర మొత్తం షుగర్ పొడులదే. నేరేడు గింజల పొడి, పొడపత్రి, మెంతిపొడి, పక్కింటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు తెచ్చిచ్చిన పేరులేని చూర్ణం. గుర్తొస్తే పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి. "ఏది పనిచేస్తోంది పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను. "అన్నీ మంచివేరా" అంది. అన్నీ కలిపి వాడితే ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో, ఏది కడుపులో మంట పెట్టిందో ఎలా తెలుస్తుంది? ఆవిడకీ తెలీదు, ఆవిడ డాక్టరుకి అసలే తెలీదు. ఆ అర సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు మరి.

తర్వాత ఆవిడ చేత చేయించిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ఒకసారికి ఒకే మూలిక. పక్కన గ్లూకోమీటర్, ఒక నోటుబుక్కు. ఎనిమిది వారాలు. డాక్టరు రాసిన బిళ్ళలు మాత్రం ఒక్క పూట కూడా మానకుండా.

మొదలుపెట్టే ముందు

మీకు షుగర్ ఉందో లేదో పరీక్షతో తేలాలి. పరగడుపున 126 లేదా ఆపైన, లేదా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన వస్తే షుగర్ ఉన్నట్టే. మామూలుగా మళ్ళీ పరీక్షించి ఖాయం చేస్తారు. పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉంటే అంచుమీద ఉన్నట్టు. దేశంలో ఇలా అంచుమీద ఉన్నవాళ్ళు 13.6 కోట్ల మంది, షుగర్ వచ్చినవాళ్ళు 10.1 కోట్ల మంది అని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే తేల్చింది. మెంతులు, కాకర లాంటివి ఎక్కువ అక్కరకొచ్చేది ఈ అంచుమీద ఉన్నవాళ్ళకీ, బిళ్ళలతో కాస్త అదుపులో ఉన్నవాళ్ళకీ. 350 ఉన్న మనిషి కాకర రసం నమ్ముకుని కూర్చోకూడదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కిడ్నీ జబ్బుగానీ లివర్ జబ్బుగానీ ఉన్నవాళ్ళు ఈ ప్రయోగాలు సొంతంగా చెయ్యొద్దు. టైప్ 1 వాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవదు. మూలికని నమ్మి ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక మీ బిళ్ళల అట్ట తీసి చూడండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, అందులో ఉన్న మందు అసలు పేరు చదవాలి. అక్కడ గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అని ఏదైనా ఉంటే జాగ్రత్త. ఇవి మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. వీటిమీద మూలిక కూడా తోడైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళకీ ఇదే మాట. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ళకి ఆ ప్రమాదం చాలా తక్కువ. మనవాళ్ళు వాడే చాలా బిళ్ళల్లో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిపి ఉంటాయి. కాబట్టి "నాది మెట్‌ఫార్మినే" అని నోటిమాటగా అనుకోకండి, చదవండి.

అన్నట్టు, ఆ మెట్‌ఫార్మిన్ మూలం కూడా చెట్టే. ఐరోపాలో గలేగా అనే ఊదాపూల మొక్క ఉంది. దానిలోని గలెగీన్ అనే పదార్థం షుగర్ తగ్గించేది, కానీ విషం కూడా. ఆ మొక్క మేసిన గొర్రెలు చచ్చిపోయేవి. ఆ పదార్థపు నిర్మాణాన్ని ఆనవాలుగా పట్టుకుని, ఒంటికి పడేలా తయారుచేసిన మందుని 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు షుగర్‌కి వాడవచ్చని ప్రచురించాడు. "ఇంగ్లీషు మందు వేడి, ఆకు మందు చల్లన" అనేవాళ్ళకి నేను ఈ కథే చెబుతాను. ఆకులో మందూ ఉండొచ్చు, విషమూ ఉండొచ్చు. తేడా అంతా మోతాదులోనే.

మొదటి వారం: ఏమీ వాడకండి, కొలవండి

అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే. మూలిక మొదలుపెట్టకముందు మీ లెక్క ఎంతో తెలియకపోతే తర్వాత తగ్గిందో లేదో ఎలా చెబుతారు?

వారంలో మూడు రోజులు పరగడుపున చూసుకోండి. ఇంకో మూడు రోజులు మధ్యాహ్నం మొదటి ముద్ద తిన్న దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకి చూసుకోండి. భోజనం అయ్యాక రెండు గంటలు కాదు, మొదలుపెట్టిన దగ్గర్నుంచి. ఆ మూడు రోజులూ భోజనం ఒకేలా ఉండాలి. కప్పు కొలతతో అంతే అన్నం, అదే పప్పు, ఒక కూర. ఒకరోజు పులిహోర, ఇంకోరోజు జొన్నరొట్టె తిని అంకెలు పోలిస్తే ఆ తేడా అన్నానిదే, మూలికది కాదు.

గుచ్చుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోండి. వేసవిలో మామిడిపండు కోసిన వేలితో చూసుకుని 290 వచ్చిందని బెంబేలెత్తిన మనిషిని నేనెరుగుదును. కడుక్కుని చూస్తే 160.

ఇంకో సంగతి. ఇంట్లో వాడే మీటర్లకి అటూ ఇటూ 15 శాతం దాకా తేడా చూపించే వెసులుబాటు ప్రమాణాల్లోనే ఉంది. అంటే నిజంగా 200 ఉంటే అది 170 నుంచి 230 దాకా ఏదైనా చూపించొచ్చు, మీటరు పాడైనట్టు కాదు. కాబట్టి నిన్న 182, ఇవాళ 171 వచ్చిందని మూలికకి దణ్ణం పెట్టకండి. మూడు రోజుల సగటు తీసి, ఆ సగటుని తర్వాతి సగటుతో పోల్చండి.

నోటుబుక్కులో నాలుగు గళ్ళు చాలు: తేదీ, ఏం తిన్నారు, అంకె, ఏమైనా ఇబ్బంది. పెళ్ళి భోజనం చేసిన రోజు, జ్వరం వచ్చిన రోజు, రాత్రి నిద్రలేని రోజు కూడా రాసిపెట్టుకోండి. అలాంటి రోజుల్లో షుగర్ దానంతటదే పెరుగుతుంది.

మెంతులు

మొదట మెంతులే ఎందుకంటే, అవి ఆహారం. తరతరాలుగా పోపులో, ఆవకాయలో, దోసెపిండిలో తింటున్నాం. దొంగసరుకు తక్కువ, ధర తక్కువ. పైగా పరిశోధన మన ఊళ్ళోనే జరిగింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1980ల నుంచీ మెంతుల మీద వరసగా పనిచేసింది. 1990లో ప్రచురించిన ఒక పరిశీలనలో టైప్ 1 రోగులకి, వాళ్ళ ఇన్సులిన్ ఆపకుండానే, రోజుకి 100 గ్రాముల కొవ్వు తీసిన మెంతిపిండిని భోజనంలో కలిపి పది రోజులు పెట్టారు. పరగడుపు షుగర్ తగ్గింది, మూత్రంలో పోయే షుగర్ సగానికి పైగా తగ్గింది. వంద గ్రాములంటే రోజూ తినగలిగేది కాదు లెండి. అదే సంస్థ తర్వాత జనానికి చెప్పిన మోతాదు రోజుకి 25 గ్రాములు, రెండు పూటలుగా.

మెంతులు పనిచేసేది ఎలాగో తెలిస్తే ఎలా తినాలో మీకే అర్థమవుతుంది. మెంతుల బరువులో దాదాపు సగం పీచే. అందులో నీళ్ళలో జిగురుగా మారే రకం కూడా బాగానే ఉంటుంది. నానబెట్టిన మెంతులు చేత్తో పట్టుకుంటే జారుతూ ఉంటాయి చూడండి, అదే ఆ జిగురు. కడుపులో అన్నంతో కలిసి చిక్కగా అవుతుంది. అన్నంలోని పిండి చక్కెరగా మారి రక్తంలోకి చేరడం నెమ్మదిస్తుంది. అందుకే మెంతుల ప్రభావం మొదట కనిపించేది తిన్న తర్వాతి అంకెలో.

ఇప్పుడు చాలామంది చేసే పని చూడండి. రాత్రి మెంతులు నానబెట్టి, పొద్దున్నే ఆ పసుపుపచ్చ నీళ్ళు తాగి, గింజలు చెట్టుకి పోస్తారు. లాభం గులాబీ చెట్టుకి! పీచు గింజలోనే ఉంది. నీళ్ళు తాగండి, కానీ గింజలు నమిలి తినాలి. ఇంకో పొరపాటు, పొద్దున ఆరింటికి మెంతులు తిని తొమ్మిదింటికి ఇడ్లీ తినడం. జిగురు పనిచెయ్యాలంటే అన్నానికి కాస్త ముందో, అన్నంతోనో కడుపులో ఉండాలి.

తయారీ ఇలా. పావుకిలో మెంతులు తెచ్చి రాళ్ళు ఏరి, ఒక గంట ఎండలో పెట్టండి. సన్న సెగ మీద మూకుడులో రంగు మారీ మారకముందే దించండి. ఎక్కువ వేగితే చేదు ముదిరి నోట్లో పెట్టుకోలేరు. చల్లారాక మెత్తగా పట్టి గాజుసీసాలో పోసుకోండి. నెలకి సరిపడా చాలు. వేయించడం ఇష్టం లేకపోతే పచ్చివే పట్టొచ్చు, వాసన కాస్త ఘాటుగా ఉంటుంది.

రెండో వారం నుంచి, మధ్యాహ్న భోజనానికి పావుగంట ముందు ఒక టీ స్పూను పొడి గ్లాసుడు పలచటి మజ్జిగలో కలిపి తాగండి. టీ స్పూను అంటే తలగొట్టి కొలిస్తే సుమారు నాలుగు గ్రాములు. మొదటి నాలుగైదు రోజులు కడుపు ఉబ్బరం, గ్యాసు, ఒకట్రెండు సార్లు పలచగా విరేచనం మామూలే. వారం గడిచి కడుపు అలవాటు పడ్డాక రాత్రి భోజనానికి ముందు ఇంకో స్పూను. నాలుగో వారానికి పూటకి రెండు స్పూన్లు. అక్కడితో ఆపండి. 25 గ్రాములకి వెళ్ళాలంటే పూటకి మూడు స్పూన్లు కావాలి. అది అందరి కడుపుకీ పడదు. మా పెద్దమ్మ రెండు స్పూన్ల దగ్గరే ఆగింది.

మజ్జిగలో చేదు తగలడం నచ్చకపోతే జొన్నపిండిలోనో గోధుమపిండిలోనో కలిపి రొట్టె చేసుకోండి. పప్పులో దించేముందు వేసుకోవచ్చు. మెంతి దోసె గురించి అడుగుతారని తెలుసు. నాలుగు కప్పుల బియ్యానికి రెండు స్పూన్ల మెంతులు వేస్తే అది మెత్తటి దోసె అవుతుంది తప్ప షుగర్ మందు కాదు.

థైరాయిడ్ బిళ్ళ, షుగర్ బిళ్ళ, బీపీ బిళ్ళ ఏదైనా సరే, మెంతిపొడికీ దానికీ కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం ఉండాలి. అన్నాన్ని పట్టుకున్న జిగురే బిళ్ళనీ పట్టుకుంటుంది. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు. వేరుశనగ, శనగలు పడక ఒంటిమీద దద్దుర్లు వచ్చేవాళ్ళకి మెంతులూ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. చెమటకీ మూత్రానికీ మెంతుల వాసన రావడం మాత్రం జబ్బు కాదు, కంగారు పడకండి.

ఎనిమిదో వారం: లెక్క చూడటం

మొదటి వారం చేసినట్టే మళ్ళీ మూడు పరగడుపులు, మూడు మధ్యాహ్నాలు. అవే భోజనాలు. సగటులు తీసి పక్కపక్కన రాయండి. తిన్న తర్వాతి సగటు 210 నుంచి 175కి వచ్చిందనుకోండి, మెంతులు మీకు పనికొస్తున్నాయనే అనుకోవచ్చు, కొనసాగించండి. 210, 204 అయితే మీ ఒంటికి దానితో పెద్దగా ఒరిగిందేమీ లేదు. మానేసి పీచు కోసం కూరగాయలు ఎక్కువ తినండి, అంతే. మూడు నెలలు నిండాక హెచ్‌బీఏ1సీ చేయించి పాతదానితో పోల్చండి. అంతకుముందే చేయిస్తే పాత రోజుల లెక్క కూడా అందులో కలిసి ఉంటుంది.

అంకెలు బాగా తగ్గితే బిళ్ళలు మీరే సగం చేసుకోవద్దు. నోటుబుక్కు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తగ్గించాల్సి వస్తే ఆయనే తగ్గిస్తారు.

మెంతుల లెక్క తేలిన తర్వాతే రెండో మూలిక. దానికీ ఇదే పద్ధతి, మొదటి వారం కొలతలతో సహా.

పొడపత్రి

హిందీలో దీన్ని గుడ్మార్ అంటారు, బెల్లాన్ని చంపేది అని. పేరు ఊరికే రాలేదు. ఈ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపి తెలిసే చోట్లని కాసేపు మూసేస్తాయి. ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసక తిన్నట్టు ఉంటుంది. అరగంట నుంచి గంట దాకా అంతే.

ఇది సరదా కోసం చెప్పలేదు. మూలికల కొట్లో కొన్నది నిజంగా పొడపత్రో కాదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. చిటికెడు పొడి నాలుక మీద రాసుకుని రెండు నిమిషాలు ఉంచి, నీళ్ళతో పుక్కిలించండి. తర్వాత చిటికెడు పంచదార వేసుకోండి. తియ్యగా తగిలితే ఆ పొడి కల్తీదో, బూజుపట్టి పాతబడిందో. డబ్బులు వెనక్కి అడగండి. వేరే ఏ మూలికకీ ఇంత సులువైన పరీక్ష లేదు.

భోజనం అయ్యాక ఏదో ఒక తీపి ముక్క పడకపోతే ఉండలేనివాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. తిన్న వెంటనే కాస్త పొడి నాలుక మీద వేసుకుంటే మైసూర్‌పాక్ మీద ఆశ దానంతటదే చస్తుంది. రక్తంలో షుగర్ తగ్గించే గుణం గురించి 1990లో మద్రాసు విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన ఒక చిన్న పరిశీలన ఉంది. 22 మందికి బిళ్ళలతో పాటు ఈ ఆకు సారాన్ని రోజుకి 400 మిల్లీగ్రాములు ఏడాదిన్నరకి పైగా ఇచ్చారు. షుగర్ తగ్గింది, అయిదుగురు బిళ్ళలు మానగలిగారు. ఆశ పుట్టించే లెక్కే. కానీ 22 మంది చాలా తక్కువ. వాళ్ళకిచ్చింది చిక్కటి సారం, మనం కొనేది మామూలు ఆకుపొడి. ఆకుపొడి అయితే రోజుకి అర టీ స్పూనుతో మొదలుపెట్టి ఒక స్పూను దాటకుండా, భోజనానికి ముందు నీళ్ళతో. తేనెతో కలిపి తీసుకోమని సీసా మీద రాసి ఉన్నా సరే, తేనె వద్దు. షుగర్ మందుని తేనెలో రంగరించుకోవడం నాకెప్పుడూ అర్థం కాదు.

కాకరకాయ

కూరగా వారానికి మూడు నాలుగు సార్లు హాయిగా తినండి. కాకపోతే మనం కాకరని చేసే తీరు చూస్తే నవ్వొస్తుంది. ఉప్పు రాసి చేదంతా పిండేస్తాం, చింతపండు పోస్తాం, గుప్పెడు బెల్లం వేస్తాం, లేదా నూనెలో కరకరలాడేలా వేయించి ఆ వేపుడుతో రెండు కప్పుల అన్నం ఎక్కువ తింటాం. ఆ తర్వాత "కాకర తిన్నా షుగర్ తగ్గలేదు" అంటాం. చక్రాలుగా తరిగి, పిండకుండా, ఉల్లిపాయతో కొంచెం నూనెలో మూతపెట్టి మగ్గించండి. చివర్లో నువ్వులపొడో కొబ్బరికారమో చల్లితే చేదు తెలియదు.

రసం తాగాలనుకుంటే లేత కాయలు రెండు, గింజలు తీసేసి, నీళ్ళు పోసి రుబ్బి వడకట్టి, పావు గ్లాసు. అంతకు మించొద్దు. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళ వేసుకునేవాళ్ళు పరగడుపున తాగి టిఫిన్ ఆలస్యం చెయ్యకూడదు. జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాలు తేలిగ్గా చితికిపోయే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్ళు గింజల జోలికి వెళ్ళొద్దు. గర్భిణులకి రసం పూర్తిగా వద్దు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. కాకర రసంలో సొరకాయ రసం కలపకండి. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త, ఆయన భార్య రోజూ తాగే ఆ మిశ్రమమే తాగారు. ఆరోజు సొరకాయ చేదుది. ఆయన చనిపోయారు, ఆమె బతికి బయటపడ్డారు. సొరకాయ చేదెక్కిందంటే అందులో కుకుర్బిటాసిన్ అనే విషం పేరుకుందని అర్థం. మామూలుగా ఒక ముక్క నాలుక మీద పెట్టుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. కాకర కలిస్తే ఏ చేదు దేనిదో ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత ఐసీఎంఆర్ నిపుణుల సంఘం చెప్పిందీ ఇదే: సొరకాయ ముక్క ముందు రుచి చూడండి, చేదుంటే పారెయ్యండి, వేరే రసాలతో కలపకండి.

నేరేడు గింజలు, తంగేడు పువ్వు, వేగిస గ్లాసు

నేరేడు జూన్, జూలైల్లో వస్తుంది. పండు తిన్నాక గింజలు పారెయ్యకుండా కడిగి, గుజ్జు పూర్తిగా పోయేలా రుద్ది, నీడలో వారం పది రోజులు ఆరబెట్టండి. పైపెంకు పగలగొట్టి లోపలి ఆకుపచ్చ పప్పుని మళ్ళీ రెండు రోజులు ఆరనిచ్చి పొడి కొట్టండి. వానాకాలం కాబట్టి తడి మిగిలితే బూజు పడుతుంది. బూజు వాసన వచ్చిన పొడిని ఎండబెట్టి వాడటం కాదు, పారబొయ్యాలి. రోజుకి ఒక చిన్న స్పూను, మజ్జిగతో. మనుషుల మీద గట్టి పరిశోధన తక్కువ. వగరుగా ఉంటుంది, కొందరికి మలబద్ధకం చేస్తుంది.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మ పేర్చడానికి తెచ్చినప్పుడు కాసిని పక్కన పెట్టుకోవచ్చు. తొడిమలు తుంచి, నీడలో ఆరబెట్టి, ఆరేడు పూలు గ్లాసుడు వేడినీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచి వడకట్టుకుంటే టీ. షుగర్ మీద పరిశోధన ఎక్కువగా ఎలుకల మీదే జరిగింది. నేనైతే దీన్ని పంచదార వేసిన టీకి బదులుగా తాగే పానీయంగానే చూస్తాను. ఒక కప్పు టీలో రెండు స్పూన్ల పంచదార తప్పినా లాభమే కదా. పువ్వు గుర్తుపట్టడం రాకపోతే సొంతంగా కోసుకురావద్దు. కసివింద పువ్వు కూడా పసుపుపచ్చగానే ఉంటుంది, దాని గింజలు విషం.

వేగిస చెక్క గ్లాసులు ఎగ్జిబిషన్లలో చూసే ఉంటారు. రాత్రి నీళ్ళు పోస్తే పొద్దునకి గోధుమరంగుకి తిరిగి, వెలుతురులో నీలం ఛాయ కొడతాయి. 1998లో ఐసీఎంఆర్ నాలుగు కేంద్రాల్లో చేసిన పరిశీలనలో, కొత్తగా షుగర్ బయటపడిన 97 మందికి వేగిస ఇస్తే 12 వారాల్లో 67 మందికి అదుపులోకి వచ్చింది. పక్కన పోల్చి చూడటానికి వేరే జట్టు లేదు. అక్కడ వాడింది కూడా గ్రాముల్లో తూచి ఇచ్చిన సారం. మీ గ్లాసులోకి ఎంత దిగిందో కొలిచే దారి లేదు. నెల తిరిగేసరికి నీళ్ళ రంగు కూడా వెలిసిపోతుంది. ఇంట్లో ఉంటే వాడుకోండి, దానికోసం వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు.

జోలికి పోకూడనివి

బిళ్ళగన్నేరు. పరగడుపున నాలుగు ఆకులు నమిలితే షుగర్ పోతుందని ఊళ్ళలో చెబుతారు. జమైకాలోనూ అదే నమ్మకం. 1952లో అక్కడి నుంచి ఒక కవరులో 25 ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడికి చేరాయి. ఆయన ఎలుకలకి ఇచ్చి చూస్తే షుగర్ తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. ఆ ఆనవాలుతోనే చార్లెస్ బీర్‌తో కలిసి విన్‌బ్లాస్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది ఇవాళ కేన్సర్ మందు. మీరు షుగర్ ఆకనుకుని నమిలేది ఆ మొక్క ఆకే. అసలే షుగర్ ఉన్నవాళ్ళకి పుండ్లు త్వరగా మానవు. తెల్లకణాలు కూడా తగ్గితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నర్సరీల్లో అమ్మే 'ఇన్సులిన్ మొక్క'లో ఇన్సులిన్ ఉండదు. ఉన్నా లాభం లేదు. ఇన్సులిన్ మాంసకృత్తు, తింటే కడుపులో అరిగిపోతుంది. అందుకేగా సూదితో ఇస్తున్నారు. కుండీలో అందంగా ఉంటుంది, పెంచుకోండి.

తిప్పతీగ విషయంలో కరోనా రోజుల నాటి పాఠం ఉంది. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి గురించి ప్రచురించారు. అది వేరే జాతి తీగ అయి ఉండొచ్చని ఆయుష్ శాఖ వాదించింది. ఎవరిది నిజమైనా మనకి అర్థమయ్యేది ఒకటే: గోడ మీద పాకిన తీగని మనమే గుర్తుపట్టి నెలల తరబడి కషాయం కాచుకోకూడదు. దాల్చిన చెక్క కూడా రోజూ స్పూన్లకొద్దీ వద్దు. బజార్లో దొరికే మందపాటి చెక్కలో కౌమరిన్ ఉంటుంది, అది లివర్‌కి పడదు. కూరలో వేసుకునేంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

అన్నిటికంటే భయపడాల్సింది పేరులేని పొడికి. "వారంలో షుగర్ నార్మల్" అని చెప్పి ఇచ్చిన పొడి నిజంగానే వారంలో తగ్గించిందంటే నాకు అనుమానమే ఎక్కువ. అల్లోపతి బిళ్ళలు దంచి కలిపిన చూర్ణాలు పరీక్షల్లో పట్టుబడిన సందర్భాలున్నాయి. మా పెద్దమ్మ అలమరలోని పేరులేని చూర్ణం ఏమిటో మాకు ఇప్పటికీ తెలీదు. అది వాడిన రోజుల్లోనే ఒక తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. షుగర్ 48. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ మాట టీవీలో వినిపిస్తే అమ్మేవాడి గురించి మీకు తెలియాల్సింది తెలిసిపోయినట్టే. కొనేటప్పుడు సీసా మీద ఏమేం కలిపారో, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే వద్దు.

షుగర్ పడిపోతే

చేతులు వణకడం, చల్లటి చెమట, గుండె దడ, విసుగు, మాట తేడాగా రావడం. మీటరు దగ్గరుంటే చూడండి, 70 కంటే తక్కువుంటే వెంటనే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగండి. చాక్లెట్, స్వీటు ఆలస్యంగా పనిచేస్తాయి. పావుగంట ఆగి మళ్ళీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే పంచదార. తేరుకున్నాక ఏదైనా తినండి. పొడపత్రి వాడి ఉంటే పంచదార చప్పగా తగులుతుంది, అయినా తాగండి, రక్తంలోకి మాత్రం మామూలుగానే చేరుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. ఆరోజు నుంచి మూలిక ఆపి డాక్టరుని కలవండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు "ఏవో ఆకుమందులు వాడుతున్నానండీ" అని ఊరుకోకుండా ఆ సీసాలే సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి, నోటుబుక్కుతో సహా. ఏదైనా ఆపరేషన్ ఉందంటే రెండు వారాల ముందే మూలికలన్నీ ఆపి, మత్తు డాక్టరుకి ఆ సంగతి చెప్పండి. మా పెద్దమ్మ కంటి ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు అలాగే చెప్పింది. ఇప్పుడు ఆవిడ అలమరలో మెంతిపొడి సీసా, పొడపత్రి సీసా, ఆ రెండే ఉన్నాయి. మిగతా అరలో ఆవకాయ జాడీ పెట్టుకుంది.